కొత్త నేల, పాత ప్రశ్న: జేమ్స్‌టౌన్ నుంచి అమెరికా అంతర్యుద్ధం దాకా

అమెరికా తొలి చరిత్ర అనగానే మనలో చాలామందికి విడివిడి బొమ్మలు గుర్తొస్తాయి. కొలంబస్ ఓడలు, బోస్టన్ రేవులో నీళ్ల పాలైన టీ పెట్టెలు, జార్జ్ వాషింగ్టన్, పొడవాటి టోపీ పెట్టుకున్న లింకన్. వీటిని కలిపే దారం మాత్రం చేతికి దొరకదు. అక్కడి బడుల్లో చదువుకునే మన పిల్లలు ఇంటికొచ్చి అంతర్యుద్ధం ఎందుకు జరిగిందని అడిగితే, బానిసత్వం వల్ల అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాం. ఆ మాట నిజమే. కానీ తెలివైన పిల్ల అక్కడితో వదలదు. ఆఫ్రికన్లను ఆ గడ్డ మీదికి తెచ్చింది 1619లో. స్వాతంత్ర్య ప్రకటన 1776లో. రాజ్యాంగం 1787లో. మరి తుపాకులు పేలడానికి 1861 దాకా ఎందుకు పట్టింది?

నేను ఎన్ని వైపుల నుంచి చూసినా జవాబు నేల దగ్గరికే వచ్చి ఆగుతోంది. పెద్దలు కూర్చుని బానిసత్వం గొడవను ఎలాగోలా సర్దుబాటు చేసుకున్న ప్రతిసారీ, దేశానికి కొత్తగా ఇంత భూమి వచ్చి చేరింది. ఆ భూమిలో బానిసలు ఉండాలా వద్దా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. రెండున్నర శతాబ్దాల కథను ఈ కోణంలో చదివితే చిక్కుముడులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

ఆ ఖండానికి ఇంగ్లండు ఆలస్యంగా చేరింది. 1565 నాటికే స్పెయిన్ వాళ్లు ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ పట్టణం కట్టుకున్నారు. ఇంగ్లిష్ వాళ్లు 1587లో రోనోక్ దీవిలో దింపిన జనం ఆనవాలు లేకుండా పోయారు. నిలదొక్కుకున్నది 1607లో వర్జీనియాలో వెలసిన జేమ్స్‌టౌన్. దాన్ని నడిపింది లండన్‌లో వాటాదారులున్న వర్జీనియా కంపెనీ అనే వ్యాపార సంస్థ. ఆ రోజుల్లోనే ఆ కంపెనీకీ, ఈస్టిండియా కంపెనీకీ పెద్ద తలకాయగా ఉన్న మనిషి ఒక్కడే, సర్ థామస్ స్మిత్. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మన మచిలీపట్నం రేవులో లంగరు వేసినప్పుడు, అదే వర్తకుల సొమ్ము అట్లాంటిక్ అవతల అడవులు నరికిస్తోంది. మచిలీపట్నంలో వాళ్లకు కావలసింది బట్ట. జేమ్స్‌టౌన్‌లో బంగారం దొరుకుతుందనుకున్నారు. అది దొరకలేదు. 1609-10 చలికాలంలో ఆకలికి, రోగాలకు సుమారు 500 మంది వలసదారుల్లో 60 మంది దాకా మాత్రమే మిగిలారు.

కంపెనీని గట్టెక్కించింది పొగాకు. జాన్ రాల్ఫ్ అనే వలసదారుడు కరీబియన్ ప్రాంతపు విత్తనం తెప్పించి 1612 ప్రాంతంలో సాగు మొదలుపెట్టాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఈనాటికీ వర్జీనియా పొగాకు అని పిలుచుకునే పంటకు ఆ పేరు ఆ గడ్డ నుంచి వచ్చిందే. పొగాకు పండించినవాళ్లకు దాని స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. నారు పోయడం నుంచి ఆకు కొట్టి ఆరబెట్టడం దాకా మనుషుల్ని పీల్చేస్తుంది. ఎరువు లేకుండా మూడు నాలుగేళ్లు వరసగా వేస్తే నేలనూ పీల్చేస్తుంది. కాబట్టి వర్జీనియా దొరలకు ఎప్పుడూ రెండు కావలసి వచ్చాయి: కొత్త నేల, కొత్త చేతులు. నేల అక్కడి ఆదివాసులైన పౌహాటన్ తెగలది. చేతుల కోసం 1618లో కంపెనీ ఒక పథకం పెట్టింది. ఒక మనిషిని ఓడ ఖర్చు పెట్టుకుని తీసుకొస్తే తలకు 50 ఎకరాలు. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండులోని పేదలు. నాలుగు నుంచి ఏడేళ్ల దాకా చాకిరీ చేస్తామని కాగితం రాసిచ్చి ఓడెక్కినవాళ్లు.

1619 జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో వలసదారుల ప్రతినిధులు తొలిసారి సభ తీరారు. ఇంగ్లిష్ అమెరికాలో ఎన్నికైన సభ అదే మొదటిది. నెల తిరక్కుండానే, ఆగస్టు చివర్లో, దగ్గర్లోని పాయింట్ కంఫర్ట్ అనే కొసభూమి దగ్గర వైట్ లయన్ అనే ఓడ ఆగింది. పోర్చుగీసు బానిస ఓడను దోచుకుని తెచ్చిన ఇరవై మందికి పైగా అంగోలా మనుషులు అందులో ఉన్నారు. తిండిగింజలు, సరుకులు తీసుకుని వాళ్లను దింపేశారు. ఓటుహక్కూ బానిసత్వమూ ఆ గడ్డ మీద నెల తేడాతో అడుగుపెట్టాయి. పాయింట్ కంఫర్ట్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

తెల్లవాళ్ల చాకిరీకీ నల్లవాళ్ల చాకిరీకీ మధ్య గోడ ఒక్క రోజులో లేవలేదు. 1640లో ముగ్గురు పనివాళ్లు యజమాని దగ్గర నుంచి పారిపోయి పట్టుబడ్డారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండు వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికన్. చేసిన తప్పు ఒకటే. మొదటి ఇద్దరికీ గడువు నాలుగేళ్లు పొడిగించారు. జాన్ పంచ్‌ను బతికినంత కాలం చాకిరీ చేయమన్నారు. 1662లో వర్జీనియా ఇంకో చట్టం చేసింది. బిడ్డ దాస్యంలో ఉండాలా స్వేచ్ఛగా ఉండాలా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుంది. వంశం తండ్రి నుంచి లెక్కపెట్టే ఇంగ్లిష్ సంప్రదాయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టిన సొంత బిడ్డ కూడా అతని ఆస్తి జాబితాలో చేరింది. ఈ చట్టాన్ని తలుచుకున్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. అంత చిన్న వాక్యంలో అంత క్రూరత్వం పట్టింది.

1676లో సరిహద్దు భూముల కోసం ఆదివాసుల మీదికి వెళ్లనివ్వడం లేదని నథానియల్ బేకన్ నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. ఒప్పందం మీద వచ్చిన తెల్లవాళ్లు, నల్ల బానిసలు కలిసి జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. గడువు తీరి బయటికొచ్చి భూమి అడిగే పేద తెల్లవాడి కంటే, ఎన్నటికీ గడువు తీరని బానిసే తమకు క్షేమమని ఆ తర్వాత దొరలు అనుకున్నారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1705 నాటికి వర్జీనియాలో బానిసలను ఆస్తిగా ఖరారు చేస్తూ పూర్తి చట్టమే తయారైంది.

ఉత్తరాన కథ వేరు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లు, వాళ్ల వెనుక వచ్చిన ప్యూరిటన్లు అనే నిష్ఠగల ప్రొటెస్టంట్లు చిన్న కమతాలు, చేపల వేట, ఓడల నిర్మాణంతో బతికారు. అక్కడి చలి నేలలో పొగాకు దొరలు పుట్టలేదు. అలాగని ఉత్తరాదివాళ్ల చేతులు కడిగిన ముత్యాలేమీ కావు. న్యూయార్క్ ఇళ్లలో బానిసలు ఉన్నారు, రోడ్ ఐలండ్ ఓడలు ఆఫ్రికా తీరంలో మనుషుల్ని ఎక్కించుకున్నాయి. 1733లో జార్జియా చేరడంతో ఇంగ్లిష్ వలస రాజ్యాలు పదమూడయ్యాయి. ప్రతి వలస రాజ్యంలోనూ బానిసత్వం చట్టబద్ధమైంది. కాకపోతే దక్షిణాన సమాజమంతా దాని మీదే కట్టుకుంది.

స్వాతంత్ర్య పోరాటం గురించి అందరికీ తెలిసినది వదిలేసి ఒక్క సంగతి చెబుతాను. 1763లో ఫ్రాన్స్ మీద గెలిచిన బ్రిటన్ రాజు, అపలాచియన్ కొండలకు అవతల ఎవరూ స్థిరపడకూడదని ప్రకటించాడు. ఆదివాసులతో కొత్త యుద్ధాలకు ఖజానాలో డబ్బు లేదు. పడమటి భూముల మీద కన్నేసిన వర్జీనియా పెద్దలకు, వాషింగ్టన్‌తో సహా, అది మింగుడుపడలేదు. స్టాంపు పన్ను, టీ పన్ను ఆ కోపానికి తోడయ్యాయి. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్‌లో నీళ్లలోకి విసిరిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే. ఎనిమిదేళ్ల తర్వాత యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన సేనాపతి కారన్‌వాలీస్ తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. అతను బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో ఉత్తర సర్కారు జిల్లాల మీదికీ వచ్చి, మన జమీందార్ల భూమికి కొత్త లెక్కలు రాసింది.

మనుషులందరూ సమానంగా పుట్టారని 1776లో రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఇది తెలియక చేసిన తప్పేమీ కాదు. బానిసత్వం అన్యాయమని ఆయనే రాశాడు. ఆ వైరుధ్యం ఆయన ఒక్కడిదే అయితే సొంత పాపం అని వదిలేయవచ్చు. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న పెద్దలు దాన్ని రాజ్యాంగంలోకే దించారు. జనాభాను బట్టి ప్రతినిధుల సభలో సీట్లు పంచేటప్పుడు బానిసలను లెక్కపెట్టాలా? వద్దంది ఉత్తరం, పూర్తిగా లెక్కపెట్టాలంది దక్షిణం. చివరికి ఐదింట మూడు వంతులకు బేరం కుదిరింది. అంటే ఐదుగురు బానిసలకు ముగ్గురి లెక్క. ఓటు లేని మనుషుల పేరు మీద వాళ్ల యజమానులకు అదనపు సీట్లు, అధ్యక్ష ఎన్నికల్లో అదనపు బలం వచ్చాయి. ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని 1808 దాకా నిషేధించకూడదన్నారు. పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్నారు. ఇన్ని చేసి, బానిస అన్న మాటను ఎక్కడా రాయలేదు. ఇతర వ్యక్తులు, చాకిరీకి కట్టుబడినవారు అంటూ డొంకతిరుగుడు మాటలు వాడారు. పేరు పెట్టి రాయడానికి సిగ్గుపడ్డారంటే, ఏం చేస్తున్నారో వాళ్లకు బాగా తెలుసునని అర్థం.

అదే ఏడాది మరో చట్టం వచ్చింది. ఒహాయో నదికి ఉత్తరాన కొత్త భూముల్లో బానిసత్వం ఉండదన్నారు. దేశాన్ని రెండుగా చీల్చే గీత మొదటిసారి అక్కడ పడింది. ఉత్తరాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా బానిసత్వాన్ని రద్దు చేస్తూ వచ్చాయి. పొగాకు భూములు నిస్సారమై పోతున్నాయి కాబట్టి దక్షిణాన కూడా అది మెల్లగా అంతరిస్తుందని కొందరు నమ్మారు. 1793లో ఎలీ విట్నీ తయారుచేసిన, పత్తి నుంచి గింజ తీసే యంత్రం ఆ ఆశను తుడిచిపెట్టింది.

ఆ యంత్రం ఏం చేసిందో దగ్గరగా చూడాలి. అమెరికా లోతట్టు ప్రాంతాల్లో పండేది పొట్టి పింజ పత్తి. దూది గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని వేళ్లతో ఒలిస్తే వచ్చేది ఒక పౌను దూది. విట్నీ ఒక చెక్క పెట్టెలో, ఇనుప కొక్కేలు దిగేసిన దుంగను పెట్టి తిప్పాడు. కొక్కేలు సన్నని సందుల గుండా దూదిని లాగుతాయి, గింజ అవతలే ఆగిపోతుంది, వెనక తిరిగే కుంచె దూదిని దులుపుతుంది. అంతే. ఒక మనిషి రోజుకు 50 పౌన్లు తీయగలిగాడు. గింజ తీసే పని తగ్గితే బానిసల అవసరం తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగింది దానికి తలకిందులు. ఎంత పండిస్తే అంత అమ్ముకోవచ్చు గనుక ఇంకా నేల కావాలి, దున్నడానికి, కలుపు తీయడానికి, పత్తి ఏరడానికి ఇంకా మనుషులు కావాలి. మాంచెస్టర్ మిల్లులు ఎంత ఇచ్చినా చాలదనేవి.

నేల దొరికింది. ఫ్రాన్స్ చేతిలో ఉన్న హైతీలో బానిసలు తిరగబడి నెపోలియన్ సైన్యాన్ని ఓడించారు. అమెరికా ఖండంలో సామ్రాజ్యం కల చెదిరిన నెపోలియన్ 1803లో మిసిసిపీ నదికి పడమరనున్న విశాలమైన లూసియానా ప్రాంతమంతటినీ 1.5 కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. అమెరికా వైశాల్యం ఒక్క సంతకంతో దాదాపు రెట్టింపైంది. స్వేచ్ఛ కోసం హైతీ నల్లవాళ్లు చిందించిన రక్తం మిసిసిపీ లోయలో బానిసత్వానికి దారి తీసింది. చరిత్రలో నన్ను ఇంతగా బాధపెట్టిన మలుపులు కొన్నే.

ఆగ్నేయాన అప్పటికే జనం ఉన్నారు. చెరోకీలనే ఆదివాసులను ఉదాహరణకు తీసుకోండి. నాగరికులైతే మీ భూమి మీకే ఉంటుందన్నారు తెల్లవాళ్లు. చెరోకీలు ఇళ్లు కట్టుకున్నారు, పొలాలు దున్నారు. తెల్లవాళ్లను చూసి వాళ్లలో ధనవంతులు బానిసలను కూడా కొన్నారు. సెక్వోయా అనే మనిషి 1821 నాటికి వాళ్ల భాషకు లిపి తయారుచేశాడు. ఇంగ్లిష్‌లోలా అచ్చుకో గుర్తు, హల్లుకో గుర్తు కాకుండా, మన గుణింతంలా హల్లూ అచ్చూ కలిసిన పూర్తి ధ్వనికి ఒక్కో గుర్తు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో సొంత పత్రిక పెట్టుకున్నారు. 1832లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు కూడా చెప్పింది. ఏదీ పనికిరాలేదు. 1830 నాటి తరలింపు చట్టం కింద, 1838లో సైనికులు ఇళ్లలోంచి లాగి పడమటికి నడిపించారు. సుమారు 16,000 మందిలో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఖాళీ అయిన భూముల్లో తెల్లవాళ్లు దిగారు, వాళ్ల వెనకే పత్తి వచ్చింది.

ఆ పత్తి చేలకు కూలీలు ఎక్కడి నుంచి? 1808లో దిగుమతి ఆగింది. పొగాకు నేల చచ్చిన వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాల నుంచి బానిసలను దక్షిణానికి అమ్మడం మొదలైంది. అంతర్యుద్ధం లోగా అలా తరలిపోయినవాళ్లు సుమారు పది లక్షల మంది. సంకెళ్లలో నడిచారు, ఓడల్లో వెళ్లారు. భర్త ఒక చోట, భార్య ఒక చోట, పదేళ్ల పిల్ల మరో చోట.

ఇక సర్దుబాట్లు. 1820 నాటికి బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. ఎగువ సభ సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులే కాబట్టి ఆ తూకం తప్పితే తమ పని అయిపోయినట్టేనని దక్షిణాది భయం. లూసియానా నేలలో పుట్టిన మిస్సోరి బానిస రాష్ట్రంగా చేరతానంది. దానికి జోడీగా మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చి, మిగిలిన లూసియానా భూమి మీద 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీశారు. దానికి ఉత్తరాన మిస్సోరి తప్ప ఇంకెక్కడా బానిసత్వం లేదన్నారు. ముసలి జెఫర్సన్ ఆ వార్త విని, అర్ధరాత్రి మోగిన అగ్నిప్రమాద గంటలా ఉలిక్కిపడ్డానని ఒక ఉత్తరంలో రాశాడు.

మెక్సికోతో అమెరికా చేసిన యుద్ధం ఆ గీత చాలకుండా చేసింది. 1848లో కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో దాకా విశాలమైన నేల చేతికొచ్చింది. గీత ఆ నేలకు వర్తించదు. యుద్ధం నడుస్తుండగానే డేవిడ్ విల్మట్ అనే సభ్యుడు అక్కడ బానిసత్వం వద్దని ప్రతిపాదించాడు. ఉత్తరాది ఓట్లతో ప్రతినిధుల సభలో గెలిచి, దక్షిణాది బలం ఉన్న సెనేట్‌లో ఆగిపోయింది. పార్టీలను దాటి ఓట్లు దిక్కుల వారీగా చీలాయి. 1850లో మరో సర్దుబాటు. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రం. బదులుగా దక్షిణాదికి దక్కింది పారిపోయిన బానిసల చట్టం.

ఆ చట్టంలో ఒక నిబంధన చూడండి. పట్టుకొచ్చిన మనిషి బానిసా కాదా అని తేల్చేది ఒక కమిషనర్. జ్యూరీ ఉండదు. పట్టుబడిన మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు. బానిసే అని తేల్చి పంపేస్తే కమిషనర్‌కు పది డాలర్లు. కాదని విడిచిపెడితే ఐదు. కాగితాల పని ఎక్కువ కాబట్టి రెట్టింపు అని సమర్థించుకున్నారు. పక్కన నిలబడినవాళ్లను పట్టుకోవడంలో సాయపడమని ఆజ్ఞాపించే అధికారమూ ఇచ్చారు. అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దక్షిణాన ఉందిలే అనుకున్న బోస్టన్ దుకాణదారుడి గుమ్మంలోకి అది వచ్చి నిలబడింది. 1854లో ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ణి అలా పట్టుకుని, సైనికుల వరసల మధ్య ఓడ దాకా నడిపించినప్పుడు వేలాది మంది వీధుల్లో నిలబడి చూశారు, భవనాలకు నల్లబట్టలు కట్టారు.

దక్షిణాది పోరాడింది రాష్ట్రాల హక్కుల కోసమని ఇప్పటికీ వినిపించే మాటకు ఈ చట్టమే సరైన జవాబు. ఉత్తరాది రాష్ట్రాల హక్కులను తొక్కి, కేంద్ర ప్రభుత్వ బలంతో బానిసలను పట్టించమని అడిగింది దక్షిణాదే. 1860 డిసెంబరులో విడిపోతూ సౌత్ కరొలైనా రాసుకున్న ప్రకటనలో పెద్ద ఫిర్యాదు, ఉత్తరాది రాష్ట్రాలు ఆ అప్పగింతకు అడ్డుపడుతున్నాయనే. మిసిసిపీ అయితే తమ ఉనికి బానిసత్వంతో ముడిపడి ఉందని దాపరికం లేకుండా చెప్పింది. వాళ్లు స్వయంగా రాసి పెట్టి వెళ్లిన కారణాన్ని మనం మార్చి చెప్పడం న్యాయం కాదు.

1854 తర్వాత వేగం పెరిగింది. కాన్సస్, నెబ్రాస్కాల్లో అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలంటూ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ చట్టం తెచ్చి, 1820 గీతను రద్దు చేశాడు. ఓట్ల కోసం రెండు వైపుల వాళ్లూ తుపాకులతో కాన్సస్‌లోకి దిగారు. బానిసత్వ విస్తరణను ఆపడానికి రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, నల్లవాళ్లు పౌరులు కారనీ, ఏ కొత్త భూమిలోనూ బానిసత్వాన్ని నిషేధించే అధికారం దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు లేదనీ తీర్పిచ్చింది. సర్దుబాటుకు చోటే మిగల్లేదు. 1860 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ లింకన్ గెలిచాడు. దేశం మొత్తం మీద ఓట్లు 40 శాతం లోపే, దక్షిణాన పది రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద పేరే లేదు. బానిసత్వం అప్పటికే ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి రానని ఆయన పదేపదే చెప్పాడు. కొత్త నేలలోకి మాత్రం రానివ్వనన్నాడు. అంతమాత్రానికే, ఆయన ప్రమాణం చేసేలోగా ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. అప్పటికి దేశ జనాభా 3.14 కోట్లు. అందులో బానిసలు దాదాపు 40 లక్షలు. సంతలో వాళ్లకు కట్టే వెల, దేశంలోని రైలు మార్గాలూ ఫ్యాక్టరీల విలువ కలిపినా దాటిపోయేది. పత్తి లేకపోతే ఇంగ్లండు తమ కాళ్ల దగ్గరికి వస్తుందని దక్షిణాది నమ్మింది. తీరా యుద్ధం వచ్చి ఆ పత్తి ఆగిపోయాక లివర్‌పూల్ వర్తకులు మన దేశం వైపు తిరిగారు. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు మీదుగా ఓడలెక్కింది. యుద్ధం ముగిశాక ధర కూలిపోయింది.

1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున చార్ల్‌స్టన్ రేవులోని సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. మరో నాలుగు రాష్ట్రాలు విడిపోయినవాళ్లతో కలిశాయి, వర్జీనియాతో సహా. నాలుగేళ్లలో ఆరు లక్షల మందికి పైగా చనిపోతారని అప్పుడు ఎవరూ అనుకోలేదు. బానిసలను విడిపించడానికి ఈ యుద్ధమని లింకన్ ప్రభుత్వం కూడా అనలేదు.

మే 23న వర్జీనియా ఓటర్లు విడిపోవడానికి ఆమోదం తెలిపారు. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మలోరీ అనే ముగ్గురు బానిసలు ఒక పడవ సంపాదించారు. దక్షిణాది సైన్యానికి ఫిరంగి దిబ్బ కట్టే పనిలో పెట్టారు వాళ్లను. పెళ్లాం పిల్లలకు దూరంగా నార్త్ కరొలైనాకు పంపేస్తారని తెలిసి, చీకట్లో తెడ్లు వేసుకుంటూ ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. మర్నాడు యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చాడు. పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వాళ్లను అప్పగించమన్నాడు. కోట సేనాని బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. వర్జీనియా తనను తాను పరాయి దేశమని ప్రకటించుకుంది, పరాయి దేశానికి మా చట్టం వర్తించదు అన్నాడు. శత్రువు యుద్ధానికి వాడుకునే ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు కాబట్టి వాళ్లను ఉంచేసుకున్నాడు.

ఆ కోట ఉన్నది పాయింట్ కంఫర్ట్‌లోనే. 1619లో వైట్ లయన్ ఆగిన చోటే. కబురు చుట్టుపక్కల పొలాలకు పాకింది. కొద్ది రోజుల్లో పదుల్లో, వేసవి ముగిసేలోగా వందల్లో జనం ఆ గేటు ముందుకు వచ్చారు. మూటలు నెత్తిన పెట్టుకుని, పసిపిల్లల్ని చంకనెత్తుకుని.